నెపం వయసు మీద, లోటు కండలో

"నలభై దాటితే గాలి పీల్చినా లావెక్కుతామండీ" అని పెళ్లి భోజనాల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పక్కన కూర్చున్నవాళ్లు తలూపుతారు. వడ్డించే అబ్బాయి ఇంకో బొబ్బట్టు వేసి, పైన నెయ్యి పోసి వెళ్తాడు. వయసుతోపాటు మెటబాలిజం మందగిస్తుందనీ, అందులో మనం చేయగలిగింది ఏమీ లేదనీ మనకో గట్టి నమ్మకం. ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు కాబట్టి, నమ్మడానికి హాయిగానూ ఉంటుంది.

2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెర్మన్ పాంట్జర్, ఇంకా ఎందరో శాస్త్రవేత్తలు కలిసి 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు తీశారు. ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా అందులో ఉన్నారు. గుర్తుపట్టగల ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మూత్రంలో వాటి ఆనవాళ్లు ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూసి, మనిషి రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నాడో కట్టే లెక్క అది. ఒంటి పరిమాణాన్ని సరిచూసుకున్నాక తేలిందేమిటంటే, ఏడాది బిడ్డ పెద్దవాళ్లకంటే సుమారు 50 శాతం ఎక్కువ ఖర్చు చేస్తుంది. అక్కణ్ణుంచి మెల్లగా తగ్గుతూ వచ్చి, ఇరవై ఏళ్లకు ఒక చోట ఆగుతుంది. ఇరవై నుంచి అరవై దాకా కదలదు. అరవై తర్వాతే దిగడం మొదలు, అదీ ఏడాదికి 0.7 శాతం చొప్పున.

మరి నలభై ఐదేళ్లకే బొజ్జ ఎలా వచ్చింది? ప్యాంటు సైజు రెండేళ్లకోసారి ఎందుకు మారుతోంది? ‘షుగర్ బోర్డర్‌లో ఉంది’ అని డాక్టరు ఎందుకన్నారు? వయసును వదిలేసి వేరే చోట వెతకాలి. నేను వెతకమనే చోటు కండ. ముఖ్యంగా తొడలు, పిరుదులు, వీపు.

గాదె నిండిపోతే

అన్నమైనా, ఇడ్లీ అయినా, చపాతీ అయినా అరిగాక గ్లూకోజై రక్తంలోకి వస్తుంది. పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో ఉండే గ్లూకోజంతా పోగుచేస్తే ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను. వంద గ్రాముల బియ్యం వండుకు తింటే వచ్చి పడేది డెబ్బై ఐదు గ్రాముల పైమాటే. దాన్ని రక్తంలోంచి తీసి ఎక్కడో దాచాలి. దాచమని చెప్పేది ఇన్సులిన్. దాచుకోవడానికి ఉన్న చోట్లలో పెద్దది కండ. కాలేయంలో వంద గ్రాముల దాకా పడితే, ఒంట్లోని కండలన్నిట్లో కలిపి నాలుగు వందల గ్రాముల దాకా పడుతుంది.

కండను గాదె అనుకోండి. పొద్దున ధాన్యం తీసి వాడుకుంటే సాయంత్రం కొత్త ధాన్యానికి చోటుంటుంది. కుర్చీలోంచి కారుకు, కారులోంచి సోఫాకు మారే మనిషి గాదె ఎప్పుడూ నిండే ఉంటుంది. అయినా పూటపూటా బస్తాలు దిగుతూనే ఉంటాయి. అప్పుడు వసారాలో, మంచం కింద, చివరికి వంటింట్లో పేర్చడం మొదలవుతుంది. ఒంట్లో ఆ పేర్చేది కొవ్వు రూపంలో. ముందు చర్మం కింద, అక్కడ చాలకపోతే పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో, కండ కణాల్లో కూడా. స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్’ అని రాసిచ్చేది ఇదే. అలా చేరకూడని చోట చేరిన కొవ్వు, ఇన్సులిన్ చెప్పే మాటను కణం లోపలికి వెళ్లనివ్వదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే ఇది. ఇన్సులిన్ ఉన్నా దాని మాట చెల్లకపోవడమనే సంగతిని 1936లోనే, అంటే ఇన్సులిన్‌ను కనుగొన్న పదిహేనేళ్లకే, లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ పట్టుకున్నారు.

మాట చెల్లనప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఏళ్ల తరబడి అలా నెట్టుకొస్తుంది. ఆ ఏళ్లన్నీ షుగర్ పరీక్ష నార్మల్‌గానే వస్తుంది. ఇందులో ఉన్న మోసమంతా అక్కడే. క్లోమం అలిసిపోయాక గానీ కాగితం మీద అంకె పెరగదు. "రాత్రి ఏమీ తినలేదు, రెండు పుల్కాలే, అయినా పొద్దున ఫాస్టింగ్ 118 వచ్చిందేమిటి?" అని చాలామంది తల పట్టుకుంటారు. రాత్రంతా గ్లూకోజు వదిలేది కాలేయం. వదలడం ఆపమని ఇన్సులిన్ చెప్పాలి. కొవ్వు పట్టిన కాలేయానికి ఆ మాట సరిగా వినపడదు. పుల్కాల తప్పేం లేదు.

సన్నగా ఉన్నానుగా అనుకునేవాళ్లకు

2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఒకటి వచ్చింది. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. ఎవరు చూసినా ఇద్దరూ సన్ననివాళ్లే అంటారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన దేశపు ఒంటి తీరును ఇంత సూటిగా చెప్పిన ఫొటో ఇంకొకటి నేను చూడలేదు. చేతులూ కాళ్లూ సన్నం, నడుము చుట్టూ మాత్రం మెత్తదనం. బరువు చూసే మిషన్ దీన్ని పట్టుకోలేదు.

ఇది ఎప్పుడు మొదలవుతుందో చూస్తే, తల్లి కడుపులోనే అని చెప్పాల్సి వస్తుంది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లలో అప్పటికి అందలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక వెతికి పట్టుకుని రక్తం పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ సుమారు 20 శాతం తక్కువగా ఉంది. అరకొర తిండితో పెరిగిన తరం నడివయసులో కడుపునిండా తినడం మొదలుపెడితే ఏమవుతుందో మన ఇళ్లలోనే కనిపిస్తోంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు.

కాబట్టి బరువు కంటే నడుము చూసుకోండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అది మన దేశస్థులకు పెట్టిన గీత. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోవద్దు. బొజ్జ ఉన్న మగవాళ్లలో కొందరు ప్యాంటును బొజ్జ కింద కట్టుకుంటారు, అందుకే ఇరవై ఏళ్లుగా వాళ్లది 34 సైజే. మొలతాడు కూడా అంతే, పొట్ట పెరిగేకొద్దీ కిందికి జారి, ఇంకా సరిపోతున్నట్టే నటిస్తుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, ఊపిరి మామూలుగా వదిలి, టేపు పెట్టండి. టేపు లేకపోతే మీ ఎత్తుకు సరిపడా పురికొస తెంపి, రెండు మడతలు వేసి నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే ఈ అధ్యాయం మీ కోసమే. మెడ వెనకా చంకల్లోనూ చర్మం నల్లగా, మందంగా మారితే దాన్ని మురికనుకుని రుద్దకండి. చాలాసార్లు అది ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం ఇచ్చే కబురు.

విస్తరిలో ఏముంది

తెలుగు భోజనాన్ని ఒకసారి పరాయివాళ్లలా చూడండి. పప్పులో కలుపుకుని కొంత అన్నం. కూరలో కలుపుకుని కొంత. పులుసో చారో పోసుకుని మరికొంత. ఆఖరికి పెరుగన్నం. మధ్యలో కొత్తావకాయ కనిపిస్తే దానికోసం విడిగా నాలుగు ముద్దలు. వంటకం మారినప్పుడల్లా కొత్తగా అన్నం వడ్డిస్తాం. మనం కూర తినం, కూరతో అన్నం తింటాం. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పినప్పుడు మనకు ఏం చేయాలో తోచకపోవడానికి కారణం ఇదే. అన్నం తీసేస్తే మిగతావి దేనితో తినాలి?

దారి వంటలోనే ఉంది. అన్నంలోకని వండిన కూరను ఉత్తిగా తినలేం, ఆ ఉప్పూ కారం అన్నానికి సరిపడా వేసినవి. బీరకాయ, సొరకాయ, చిక్కుడు, తోటకూర, ఏదైనా సరే ఉప్పూ కారం సగానికి తగ్గించి, ముక్క మరీ మెత్తబడకుండా, ఒకటిన్నర రెట్లు వండండి. కప్పులో వేసుకుని స్పూనుతో ముందు అదే తినండి. తర్వాత గట్టి పప్పో, గుడ్డో, చేపో. అన్నం చివర. ఈ వరస మార్పుకు ఆధారం లేకపోలేదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కోర్నెల్ వైద్య కళాశాల వారు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలూ మాంసకృత్తులూ ముందు తిని పిండిపదార్థం చివర తిన్న రోజున, తిన్న గంటకు షుగర్ మూడో వంతుకు పైగా తక్కువ ఉంది. చిన్న అధ్యయనమే, పదకొండు మందే. అయితే ఖర్చూ లేదు, నష్టమూ లేదు కాబట్టి నేను దీన్ని అన్నిటికంటే ముందు చెబుతాను.

పప్పు విషయంలోనూ మనల్ని మనం మోసం చేసుకుంటాం. ఒక గుప్పెడు కందిపప్పుకు చెంబెడు నీళ్లు కలిపి పప్పుచారు చేసి, నలుగురం తిని, "రోజూ పప్పు తింటున్నాం" అంటాం. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై గ్రాముల ప్రొటీన్ కావాలి. ఐసీఎంఆర్ చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో ఉన్నది సుమారు 22. ఆ గుప్పెడు నలుగురికి పంచితే ఎంత వచ్చిందో మీరే వేసుకోండి. టిఫిన్లలో పెసరట్టు మనకున్న మంచి ఆస్తి. అందులో ఉప్మా పెట్టినవాడి మీదే నాకు కోపం.

పెరుగన్నం లేకుండా లేవలేనివాళ్లుంటారు. ఉండనివ్వండి. పెరుగు నిండుగా, అన్నం రెండు ముద్దలు. ఏ వంటకం దగ్గర అన్నం తగ్గించడం మీకు తేలికో అక్కడ తగ్గించండి. మిగిలిన అన్నం పారేయలేక అందరూ తిన్నాక తాము తినే ఇల్లాళ్లు మాత్రం ఒక పని చేయండి, రేపట్నుంచి అరగ్లాసు బియ్యం తక్కువ పొయ్యండి. మిగలకపోతే తినే అవసరం రాదు.

‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని దుకాణాల్లో అమ్ముతున్నారు. షుగర్ లేని బియ్యం లేదు. తెలంగాణ సోనాకూ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన మెరుగుపరచిన సాంబ మసూరికీ, తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ 50 చుట్టుపక్కలే ఉన్నమాట నిజం. మంచి బియ్యాలే. మంచి బియ్యం కదా అని ఇంకో గరిటె వేసుకుంటే లాభమంతా ఆ గరిటెలో పోతుంది. కొర్రలకూ ఇదే మాట. ఒక ఏడాది కొబ్బరినూనె, మరో ఏడాది చిరుధాన్యాలు, ఇంకో ఏడాది పదహారు గంటల ఉపవాసం అంటూ మన ఊళ్లలో గాలి వీస్తూ ఉంటుంది. వాటిలో మేలు చేసినవన్నీ చేసింది ఒకటే, పళ్లెంలో పిండిపదార్థాన్ని తగ్గించాయి.

గుంజీలు ఎందుకు మానేశాం?

కండకు ఇంకో గుణం ఉంది. అది కదులుతున్నప్పుడు, ఇన్సులిన్ చెప్పినా చెప్పకపోయినా, రక్తంలోంచి గ్లూకోజును తనే లాక్కుంటుంది. ఇన్సులిన్ మాట చెల్లని ఒంట్లో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. పైగా ఒకసారి బాగా కష్టపడిన కండ ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం ఆపొద్దంటారు. ఆదివారం రెండున్నర గంటలు నడిచి వారమంతా కూర్చోవడం లెక్కకు సరిపోయినా ఒంటికి సరిపోదు.

నడకకు మంచి వేళ భోజనం తర్వాత. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 2016లో మధుమేహం ఉన్న 41 మందితో చూశారు. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటి కంటే, మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి షుగర్ సగటున 12 శాతం తక్కువ, రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువ. తిని టీవీ ముందు కూర్చునే ఆ ఇరవై నిమిషాల్లో పది మేడ మీద నడవండి. పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి, గేటు దగ్గర కాకరకాయ రసం తాగి, రోజంతా కూర్చునే మనిషి కంటే మీకే లాభం.

నడక ఒక్కటే కండను నిలపలేదు. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కరిగిపోతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. బరువు అంతే ఉంటుంది కాబట్టి తెలియదు, కండ పోయిన చోట కొవ్వు వచ్చి కూర్చుంటుంది. కండ నిలవాలంటే దానికి బరువు చూపించాలి. జిమ్ ఉంటే సరే. లేకపోతే బడిలో మాస్టారు తీయించిన గుంజీలున్నాయి. అప్పుడవి శిక్ష, ఇప్పుడు మందు. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేచి, దబ్బున పడకుండా మెల్లగా కూర్చోండి. కిందికి దిగే ఆ మెల్లదనంలోనే తొడ పనిచేస్తుంది. పది సార్లు, కాస్త ఆగి మళ్లీ పది. తేలికైపోయిన రోజున చేతిలో రెండు నీళ్ల సీసాలు పట్టుకోండి. గోడకు చేతులు ఆనించి తోయండి. వారానికి రెండు మూడు రోజులు చాలు. ఇంటి చాకిరీ ఇదంతా చేయిస్తోందని ఆడవాళ్లు అనుకుంటారు. నిలబడి అలిసిపోవడం వేరు, కండకు బరువు పడడం వేరు. ముట్లు ఆగిపోయాక కొవ్వు తుంటి నుంచి పొట్టకు చేరుతుంది కనుక వాళ్లకిది మరీ అవసరం.

నిద్ర గురించి ఒక్క మాట. 1999లో షికాగోలో పదకొండు మంది కుర్రవాళ్లను ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. గ్లూకోజును సర్దుకునే శక్తి వాళ్లలో బాగా పడిపోయింది. నైట్ షిఫ్టు వాళ్లకు ఇది నేను చెప్పాలా?

అరవై దాటినవాళ్లకు వేరే లెక్క

పైన చెప్పిన తగ్గింపులు డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు వర్తించవు. ఆవిడ ఇప్పటికే పొద్దున కాఫీ, రెండు ఇడ్లీ, రాత్రికి మజ్జిగన్నం మీద బతుకుతోంది. ఆవిడకు ఉపవాసం చెప్పడం అన్యాయం. ఈ వయసులో ప్రొటీన్‌ను కండగా మార్చుకునే శక్తి తగ్గుతుంది. అందుకని కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటారు చాలామంది నిపుణులు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే. ఇడ్లీ పక్కన గుడ్డు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలో, పళ్లు లేకపోతే పెరుగో. మంచం పట్టనివ్వకపోవడం అన్నిటికంటే ముఖ్యం. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్లలో కండ దాదాపు కిలో పోయింది. జ్వరం తగ్గిన మర్నాడే "పడుకో అమ్మా, లేవకు" అనే ప్రేమ ఆవిడకు ఖరీదైనది.

ఆలస్యమైపోయిందని అనుకోనక్కర్లేదు. 2002లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, మధుమేహం గుమ్మంలో ఉన్న 3,234 మందిలో ఆహారం, వారానికి 150 నిమిషాల వ్యాయామం పాటించినవాళ్లలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అరవై పైబడినవాళ్లలో 71 శాతం. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తగ్గుదల 28.5 శాతమే. తక్కువేనని చప్పరించకండి. ఆ మనుషుల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా జబ్బు తగ్గింది. మిషన్ మీది అంకె కదలలేదని మూడో వారం మానేసేవాళ్లు ఈ చెన్నై లెక్కను గోడకు అంటించుకోవాలి.

మూడు నెలల షుగర్ పరీక్షను నెలనెలా చేయించకండి. ఎర్రకణానికి అంటుకున్న గ్లూకోజును కొలిచే పరీక్ష అది. ఎర్రకణం ఆయుష్షు సుమారు నాలుగు నెలలు, ఆ లోపు పూర్తి మార్పు కనపడదు. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే గుమ్మంలో ఉన్నట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే లోపలికి వచ్చినట్టు. రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు, వాళ్లు ఫాస్టింగ్‌నూ తిన్నాకటినీ కూడా చూపించుకోవాలి. ఇప్పటికే ఇన్సులిన్ సూదో, గ్లిమెపిరైడ్ మాత్రో వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. తిండి తగ్గి, నడక పెరిగి, మాత్ర మాత్రం పాత డోసులోనే ఉంటే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరుగుతాయి. డోసు సరిచేయించుకునే దాకా నడకకు వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకోండి.